టోటల్ లాస్ డైరీ: బండి మీంచి పేరు దింపే పని

జూన్ 10, మంగళవారం

ఆదివారం రాత్రి సబ్బవరం దాటాక బైపాస్ మీద, లైట్లు లేకుండా నిలబెట్టిన టిప్పరు వెనక భాగంలోకి మా కారు దూరిపోయింది. నడిపింది తమ్ముడు. సీటు బెల్టు ఒరుసుకున్న గీత, మణికట్టు బెణుకు తప్ప వాడికేమీ కాలేదు. అందుకని ఇక ఈ డైరీలో ఇనుము గురించి, కాయితాల గురించే రాస్తాను.

ఇప్పటిదాకా చేతిలోకి వచ్చినవి: ఎఫ్‌ఐఆర్ కాపీ, క్లెయిమ్ నంబరు, బండి కదపకముందు తమ్ముడు తీసిన ఫొటోలు. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు స్టేషను దగ్గరే బండి చూసి, ప్రమాదానికి యాంత్రిక లోపం కారణం కాదని రాసిచ్చారు. ఆ ఒక్క వాక్యం తర్వాత చాలా పనికొస్తుందని స్టేషను రైటరు గారు చెప్పారు. నిజమే. బ్రేకులు ముందే పాడై ఉన్నాయన్న వంక ఇక ఎవరూ పెట్టలేరు.

క్రేనుతో విశాఖలోని గాజువాక ఆటోనగర్ వర్క్‌షాపుకి చేర్చాం. పాలసీలో టోయింగుకి 1,500 రూపాయలే ఇస్తారు, సబ్బవరం నుంచి అడిగిన బాడుగ అంతకు రెట్టింపు పైనే. రసీదు మాత్రం ఫైల్లో పెట్టాను.

జూన్ 12, గురువారం

సర్వేయర్ గారు వచ్చారు. మోటారు క్లెయిమ్ 50,000 దాటితే లైసెన్సున్న సర్వేయర్ చూడాల్సిందే, అది చట్టం. ఈయన మాట తక్కువ, చూపు ఎక్కువ. ముందు చాసిస్ నంబరు, తర్వాత ఓడోమీటరు, ఆ తర్వాత తమ్ముడి లైసెన్సు చూశారు. వెనక బంపర్ మీద ఎప్పటిదో ఆటో గీరిన గీత ఉంది. దానికి విడిగా ఫొటో తీసి, "ఇది ఈ క్లెయిమ్‌లోకి రాదమ్మా" అన్నారు. నేనూ అడగలేదు.

బానెట్ తెరుచుకోలేదు. మెకానిక్ గడ్డపారతో లేపితే రేడియేటర్ ఇంజన్ మీదికి వొరిగి ఉంది. లోపలి నష్టం విప్పితే గానీ తేలదని, విప్పడానికి అనుమతి రాసి వెళ్లారు. వర్క్‌షాపు ఫోర్‌మన్ మాత్రం హుషారుగా ఉన్నాడు. "చేసీవొచ్చు మేడమ్, కొత్తదాన్లా తెచ్చీస్తాం" అన్నాడు. వాడిది వాడి బిల్లు.

జూన్ 19, గురువారం

విప్పారు. దగ్గరుండి చూశాను.

బయటికి సొట్టల్లా కనిపించేది లోపల వేరే కథ. ఎడమ పక్క ఏప్రన్ (చక్రం పైనుండే లోపలి రేకు), దాని వెనకున్న చాసిస్ లెగ్ (ముందు దెబ్బని తట్టుకునే ఇనుప దూలం) మడత పడ్డాయి. మెకానిక్ దాని మీద వేలు పెట్టి చూపించాడు. ఫ్యాక్టరీలో వేసిన స్పాట్ వెల్డులు వరసగా విచ్చుకుని, మధ్యలో రంగు పెచ్చులూడి ఉంది. దాన్ని లాగి సరిచేయొచ్చు, కానీ ఈసారి ఎక్కడైనా గుద్దుకుంటే ఆ చోటు ముందులా బలాన్ని పీల్చుకోదు.

డబ్బు పెరిగేది మాత్రం ఇనుము దగ్గర కాదు, ఎయిర్‌బ్యాగుల దగ్గర. రెండూ పేలాయి. పక్క సీటుది డ్యాష్‌బోర్డు చీల్చుకుని వస్తుంది కాబట్టి డ్యాష్‌బోర్డు మొత్తం మార్చాలి. బెల్టుల్ని బిగించే ప్రిటెన్షనర్లు ఒక్కసారికే పనికొస్తాయి, అవీ పోయాయి. వీటన్నిటికీ ఆజ్ఞ ఇచ్చే మాడ్యూల్ కూడా కొత్తది. రేడియేటర్, కండెన్సర్, స్టీరింగ్ ర్యాక్ కలిపాక అంచనా 4,38,000 రూపాయలు తేలింది.

బండి ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ, 4,20,000. జాబితా ధర ఏడు లక్షలు. వయసు మూడేళ్లు దాటి నాలుగులోపు కాబట్టి 40 శాతం తరుగు పోగా మిగిలినది.

జూన్ 21, శనివారం

ఊరంతా యోగా దినోత్సవం. బీచ్ రోడ్డు వైపు అడుగు పెట్టే వీల్లేదు. మా ఇల్లున్న లాసన్స్ బే నుంచి ఆటోనగర్ వెళ్లే ఆలోచన మానుకుని పాలసీ డాక్యుమెంటు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. రెన్యువల్ చేసిన రోజు చదివే ఓపిక ఎవరికి ఉంటుంది గానీ, చిన్నక్షరాల్లో ఉన్నవి ఆశ్చర్యంగా స్పష్టంగానే ఉన్నాయి.

జూన్ 24, మంగళవారం

సర్వేయర్ లెక్క 3,56,000. పాలసీ షరతులకు లోబడి రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్. మన 75 శాతం 3,15,000. దాటింది. బండి అధికారికంగా పోయినట్టే.

"షరతులకు లోబడి" అన్న ముక్క దగ్గర ఒక నిమిషం ఆగాలి. నాకు జీరో డెప్ (విడిభాగాల మీద తరుగు కోయని అదనపు కవరు) ఉంది. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం, ఈ వయసు బండికి ఇనుప భాగాల మీద 25 శాతం తరుగు కోస్తారు. ఆ కోత పోగా లెక్క 75 శాతానికి దిగువకి జారిపోయేది. బండి రిపేరుకే వెళ్లేది, దాదాపు లక్ష నా చేతి నుంచి పడేది, పైగా అదే మడత పడ్డ చాసిస్ లెగ్ మీద మళ్లీ పిల్లల్ని ఎక్కించుకుని తిరగాల్సి వచ్చేది. జీరో డెప్ అంటే బంపర్లకోసం అనుకుంటారు చాలామంది.

రిటర్న్ టు ఇన్వాయిస్ కూడా ఉండి ఉంటే కొన్న ధర వచ్చేది. బండి మూడేళ్లు దాటాక మా కంపెనీ దాన్ని ఇవ్వలేదు.

అన్నయ్య ఫోను చేశాడు. హుద్‌హుద్ తుఫానప్పుడు, 2014 అక్టోబరులో, వాళ్ల అపార్టుమెంటులో చెట్టు కింద నలిగిన కారుకి అప్పటి యజమాని ఏడాది తర్వాత ఒరిస్సా పోలీసుల నుంచి ఫోను అందుకున్నాడట. బండి అమ్మేశాడు, కాయితాలు మారలేదు. "డబ్బు సంగతి ఎలాగో తేలుతుంది, ముందు నీ పేరు దింపించుకో" అన్నాడు. డైరీకి ఆ మాటనే పేరుగా పెట్టాను.

జూన్ 27, శుక్రవారం

క్లెయిమ్స్ విభాగం నుంచి ఒక కుర్రాడు ఫోను చేసి, "మార్కెట్ వాల్యూ చూస్తే 3,85,000 వస్తుంది మేడమ్, ఒప్పుకుంటే వారంలో సెటిల్ చేసేస్తాం" అన్నాడు. గొంతులో మర్యాదకి లోటు లేదు.

శనివారం నాటి చదువు అక్కరకొచ్చింది. టోటల్ లాస్ విషయంలో, పాలసీ అమల్లో ఉన్నంతకాలం ఐడీవీనే మార్కెట్ విలువగా పరిగణిస్తారు, మళ్లీ తరుగు కోయకూడదు. ఆ నిబంధనని పేజీ నంబరుతో సహా మెయిల్లో పెట్టాను. ఫోన్లో వాదించలేదు. ఫోన్లో వాదిస్తే సాక్ష్యం మిగలదు. దాంతో పాటే సర్వే రిపోర్టు కాపీ కూడా అడిగాను.

ఒప్పుకోకపోతే ఏం చేయాలో కూడా రాసుకున్నాను. ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు, నెల చూసి హైదరాబాదులో ఉన్న బీమా అంబుడ్స్‌మన్‌కి. ఆంధ్రకీ ఆ ఆఫీసే. 50 లక్షల దాకా క్లెయిములు చూస్తారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

జూన్ 30, సోమవారం

4,20,000కి ఒప్పుకున్నారు. తప్పనిసరి కోత వెయ్యి రూపాయలు, 1500 సీసీ లోపు బండి కాబట్టి. చేతికి రావాల్సింది 4,19,000.

జూలై 3, గురువారం

ఇవాళ్టిదే అసలు ఎంట్రీ.

కంపెనీ బండి ఫొటోలు ఆన్‌లైన్ వేలంలో పెట్టింది. హెచ్చు పాట 1,32,000. పాడినవాడు వేరే రాష్ట్రం వాడు. ఏర్పాటు ఏమిటంటే కంపెనీ నాకు 4,20,000లోంచి ఆ 1,32,000, వెయ్యి తీసేసి 2,87,000 ఇస్తుంది. పాడినవాడు మిగతా 1,32,000 నేరుగా నా ఖాతాలో వేసి బండి పట్టుకుపోతాడు. నేను ఫారం 29, ఫారం 30 (బండి పేరు మార్చే ఫారాలు) సంతకం చేసి, ఆర్సీ ఇచ్చేయాలి.

రెండు ఎయిర్‌బ్యాగులు పేలి, చాసిస్ మడతపడ్డ బండికి లక్షా ముప్పై రెండు వేలు ఎందుకు పెడతాడు? అదే మాట వర్క్‌షాపు పక్క వీధిలో పాత స్పేర్ల కొట్టు నడిపే పెద్దాయన్ని అడిగాను. కారు చూడ్డానికి వచ్చాడు. ముందు భాగం వైపు కన్నెత్తి చూడలేదు. వెనక తలుపులు తెరిచి మూసి చప్పుడు విన్నాడు, డిక్కీ డోరు ఎత్తాడు, గేరుబాక్సు కింద ఆయిలు మరకలేమైనా ఉన్నాయేమోనని ఒంగి చూశాడు. ఆనక తలుపు కింది అంచు వెంబడి వేలు రాసి, తుప్పు పొడి అంటిన వేలు నాకు చూపించాడు.

"బీచి పక్కన పెట్టీవోరా బండి?"

"లాసన్స్ బే అండీ."

"అదే మరి. ఉప్పుగాలి తినీసింది. ఇంజను, గేరుబాక్సు, ఎనక డోర్లు, సీట్లు... నానైతే డెబ్బయి, డెబ్బయ్యయిదు పెడతానమ్మా. ఆర్సీ నాకక్కర్నేదు."

"మరి వాళ్లు లక్షా ముప్పై ఇస్తామన్నారు."

నవ్వాడు. "ఆళ్లు కొంటంది బండి కాదమ్మా, కాయితం. దొంగబండికి నీ నంబరు కొట్టి, నీ ఆర్సీ పెట్టి రోడ్డెక్కించేవోళ్లూ ఉంటారు. అందర్నీ అన్ను గానీ, రేటు మాత్రం కాయితానికే."

సాయంత్రం ఇంటికొచ్చి లెక్క వేశాను. ఆర్సీ రద్దు చేసి ఇస్తే స్క్రాపు విలువ 78,000 అనుకుందాం. అప్పుడు కంపెనీ ఇవ్వాల్సింది 3,41,000, కొన్నవాడు ఇచ్చేది 78,000. మొత్తం 4,19,000. ఆర్సీతో అయితే 2,87,000, 1,32,000. మొత్తం 4,19,000.

నాకు పైసా తేడా లేదు. తేడా 54,000 కంపెనీకే. నా ఆర్సీ అమ్మితే లాభం వాళ్లకి, ఆ ఆర్సీ మీద రేపు జరిగేదానికి జవాబు నాది. ఇది తెలిశాక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

జవాబు నాది అని ఊరికే అనడం లేదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బండి ఎంతమంది చేతులు మారినా, ప్రమాదం జరిగిన రోజు రిజిస్టర్లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, పరిహారం బాధ్యత వాళ్లదే. ఆ కేసులోనూ బండి వరసగా చేతులు మారింది, రికార్డు మాత్రం మొదటి ఆయన పేరు దగ్గరే ఆగిపోయింది.

జూలై 5, శనివారం

వేలంపాట వాడి తరఫున ఒకతను ఇంటికి వచ్చాడు. టీ తాగాడు. ఫారాలు బల్ల మీద పరిచాడు. కొనేవాడి పేరు దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ. "మీరు సంతకం పెట్టీండి మేడమ్, డేటు వెయ్యకండి, అది మేం చూసుకుంటాం" అన్నాడు. ఖాళీ ఫారం మీద నా సంతకం ఉంటే అది ఎవరి చేతికైనా పోవచ్చు. మర్యాదగా టీ గ్లాసు తీసుకుని, ఫారాలు తిరిగి ఇచ్చేశాను.

జూలై 7, సోమవారం

కంపెనీకి మెయిలు: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 ప్రకారం ఇక వాడటానికి వీల్లేని బండి రిజిస్ట్రేషన్ రద్దుకి నేను దరఖాస్తు చేయాలి, చేస్తున్నాను, ఆర్సీ లేకుండా కొటేషన్లు తెప్పించండి. చట్టం పద్నాలుగు రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా తెలియజేయమంటుంది. అవతలి నుంచి రెండు ఫోన్లు వచ్చాయి, "ఆలస్యం అవుతుంది మేడమ్" అని. అవనివ్వండి అన్నాను.

జూలై 9, బుధవారం

సింహాచలం గిరి ప్రదక్షిణ. ఎన్‌ఏడీ కూడలి వైపు బండి కదిలే పరిస్థితి లేదు. అమ్మ, పిన్ని నడవడానికి వెళ్లారు. నేను వాళ్ల మంచినీళ్ల సీసాలు మోశాను. ఫైలుకి సెలవు.

జూలై 11, శుక్రవారం

ఆర్సీ లేకుండా కొటేషను వచ్చింది: 78,000. ఆటోనగర్ పెద్దాయన కూడా అదే పాటకి వచ్చాడు, దూరాభారం లేదు కాబట్టి ఆయనకే ఖాయం చేశారు.

ఇప్పుడొచ్చిన చిక్కు చూడండి. బండి మీద ఇంకా 61,000 లోను ఉంది. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాయితం) లేనిదే ఆర్టీఏ (రవాణా ఆఫీసు) రద్దు చేయదు. లోను కట్టనిదే బ్యాంకు ఎన్‌ఓసీ ఇవ్వదు. రద్దు కాయితం చూడనిదే ఇన్సూరెన్సు డబ్బు వదలదు. ఇన్సూరెన్సు డబ్బు వచ్చినా ముందు బ్యాంకుకే పోతుంది. గుండ్రంగా తిరిగి మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఎవరో ఒకరు ముందు కదలాలి. తమ్ముడూ నేనూ సర్ది లోను మూసేశాం. 

జూలై 15, మంగళవారం

బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 (లోను తీరిందని తెలిపేది) రెండు ప్రతులు. ముద్ర ఒక ప్రతి మీదే వేశారు. కౌంటరు దగ్గరే తిప్పి చూసుకోవడం మేలు. రెండో దాని మీదా వేయించుకుని బయటికి వచ్చాను. పెండింగు చలానాలు కూడా చూశాను. మద్దిలపాలెం దగ్గర ఒకటి, స్టాప్ లైను దాటినందుకు. కట్టేశాను.

వర్క్‌షాపు వాళ్లు ఇవాళ కొత్త పద్దు తీశారు: రోజుకి ఇంత అని పార్కింగు, విప్పిన కూలీ. టోటల్ లాస్ తేలిన రోజు నుంచి అలా నడుస్తోందట. రిపేరు చేస్తే ఈ కూలీ బిల్లులో కలిసిపోయేది. విప్పిన కూలీ న్యాయమే, ఇచ్చాను. పార్కింగు మీద బేరమాడి సగానికి సగం తగ్గించాను.

జూలై 19, శనివారం

పొద్దున్నే కారు ఖాళీ చేశాం. చేతులకి గ్లవ్సు, గాజుపెంకులు ఊడ్చడానికి చీపురు. డ్యాష్‌క్యామ్, స్టెపినీ కింద టూల్‌కిట్, సీటు సందులో పిల్లల పెన్నులు, ప్రసాదం పొట్లం, పాత పెట్రోలు రసీదులు.

ఒక పని మర్చిపోతారు చాలామంది. స్టీరియోలో ఫోను కాంటాక్టులు, ఇంటి చిరునామా అలాగే ఉంటాయి. బ్యాటరీ తీగలు తెగి ఉన్నాయి. పెట్రోలు వాసన ఎక్కడా లేదని చూసుకున్నాక మెకానిక్ వేరే బ్యాటరీ పెట్టాడు, స్క్రీను వెలిగింది, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను. ఫాస్టాగ్ అద్దం మీంచి ఒలిచేశాను.

తర్వాత చాసిస్ నంబరు. ఎడమ సీటు కింద కార్పెట్ ఎత్తితే చిన్న మూత, దాని కింద పోత పోసినట్టు అంకెలు. మెకానిక్ తెల్ల కాయితం పెట్టి పెన్సిల్ ములుకు పక్కవాటంగా రుద్దాడు. ఒక్కో అంకె మెల్లగా తేలింది. దరఖాస్తుకి ఆ ముద్ర కావాలి. గ్రైండరుతో ఆ ముక్క కోయడం మాత్రం ఇన్‌స్పెక్టరు చూశాకే.

నంబరు ప్లేట్లు రెండూ మేమే తీశాం. హై సెక్యూరిటీ ప్లేట్లు కాబట్టి స్నాప్ లాకులు విప్పడానికి కుదరదు, డ్రిల్లు పెట్టి విరగ్గొట్టాలి. కొట్టు పెద్దాయన పక్కన నిల్చుని చూస్తూ, "అదే మంచి పనమ్మా, నాకాడొగ్గీకు" అన్నాడు.

జూలై 25, శుక్రవారం

ఆర్టీఏలో దరఖాస్తు ఇచ్చాను: ఆర్సీ అసలు, ఎఫ్‌ఐఆర్, సర్వే రిపోర్టు, కంపెనీ టోటల్ లాస్ ఉత్తరం, బ్యాంకు కాయితాలు, పెన్సిల్ ముద్ర. కౌంటరులో అమ్మాయి ఫైలంతా ఓపిగ్గా తిరగేసి, "అన్నీ ఉన్నాయండీ" అంది. ఇన్ని ఆఫీసులు తిరిగాక ఆ మాట వినడం ఎంత హాయిగా ఉందో.

ఆగస్టు 6, బుధవారం

ఇన్‌స్పెక్టరు వర్క్‌షాపుకి వచ్చి బండి, నంబరు సరిచూసుకున్నారు. చాసిస్ ముక్క కోసి అప్పగించాం. ప్లేట్లు కూడా. వారం తిరక్కుండా రద్దు ఉత్తర్వు రావచ్చన్నారు.

ఆగస్టు 13, బుధవారం

వచ్చింది. రవాణా శాఖ రికార్డులో నా నంబరు కొట్టి చూస్తే ఎదురుగా రద్దయినట్టు చూపిస్తోంది. స్క్రీన్‌షాట్ తీసి, తేదీ కనిపించేలా దాచాను.

పెద్దాయన ఆ మధ్యాహ్నమే 78,000 బ్యాంకు ద్వారా పంపి, క్రేను తెచ్చాడు. నగదు ఇస్తానంటే వద్దన్నాను. అప్పగింత కాయితం మీద తేదీతో పాటు గంట కూడా రాయించి, రిజిస్ట్రేషన్ రద్దయిన శిథిలమనీ, విడిభాగాల కోసమేననీ ఒక వాక్యం కలిపించి ఇద్దరం సంతకాలు చేశాం.

ఆగస్టు 22, శుక్రవారం

డిశ్చార్జి వోచరు (ఇంత సొమ్ముకి ఒప్పుకున్నానని సంతకం చేసే కాయితం) మెయిల్లో వచ్చింది. అంకె దగ్గర 3,41,000 అని ఉందో లేదో చూసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసి పంపాను.

ఆగస్టు 28, గురువారం

డబ్బు పడింది. లోనుకి ముందే కట్టిన 61,000లో తమ్ముడి వాటా వాడికి తిరిగిచ్చేశాను.

మిగిలిన చిల్లర పనులు: ఫాస్టాగ్ ఖాతా మూయించి డిపాజిట్ వెనక్కి తెప్పించాను. మూడేళ్లు క్లెయిమ్ లేకుండా కూడబెట్టిన 35 శాతం నో క్లెయిమ్ బోనస్ ఈ క్లెయిమ్‌తో సున్నా అయింది. తప్పు టిప్పరుదైనా ఆ లెక్క మారదు. కాబట్టి కొత్త బండి కొటేషన్లలో డీలరు చూపించే బోనస్ రాయితీని నేనే కొట్టేసి ప్రీమియం వేసుకున్నాను. ఈసారీ జీరో డెప్, దాంతో పాటు ఇచ్చినన్నాళ్లు రిటర్న్ టు ఇన్వాయిస్.

రద్దు ఉత్తర్వు, అప్పగింత కాయితం, సర్వే రిపోర్టు ఒకే కవర్లో పెట్టాను. ఒక సెట్టు అన్నయ్య దగ్గర.